సోడియం దోస్తానా

1969లో పరాయి దేశాల చేయూత మన దేశంలో రెండు చోట్ల దిగింది. ఒకటి సిరిసిల్లలో. అమెరికా సాయంతో, పీఎల్-480 సొమ్ము దన్నుతో, అప్పుడే పుట్టిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ అప్పుతో సహకార విద్యుత్ సరఫరా సంఘం రిజిస్టరైంది. జనం నోట్లో అది ‘సెస్’. మరుసటి ఏడాదికే కరెంటు పంపిణీ మొదలుపెట్టింది. ఎల్లారెడ్డిపేటలో బోరు మోటారు తిరిగినా, సిరిసిల్లలో సాంచాలు ఆడినా ఆ సంఘం తీగల మీదుగానే.

రెండోది కల్పాక్కంలో. ఫ్రాన్స్ అణుశక్తి సంస్థతో అదే ఏడాది ఒప్పందం కుదిరింది. వాళ్ల ‘రాప్సొడీ’ నమూనాలో మనకూ ఒక ఫాస్ట్ బ్రీడర్ టెస్ట్ రియాక్టర్ కట్టాలని. అది రాజుకునేసరికి 1985 అక్టోబరు వచ్చింది. దాని టర్బైన్ గ్రిడ్‌కు కలిసింది 1997లో. అప్పుడిచ్చిన కరెంటెంత? 1.2 మెగావాట్లు. కాగితం మీద రాసుకున్న 40 మెగావాట్ల ఉష్ణ సామర్థ్యాన్ని మొదటిసారి అందుకున్నది 2022 మార్చిలో. అంటే రాజుకున్న ముప్పై ఏడో ఏట.

సైన్స్ అంటే ఆగమాగం అయితదా అంటారు. నిజమే. ప్రయోగశాలకు గడువు పెట్టడం మూర్ఖత్వం. కానీ గడువు పెట్టిందెవరు? ఎల్లారెడ్డిపేట రైతు పెట్టిండా? బొప్పాపూర్‌లో బీడీలు చుట్టే అక్క పెట్టిందా? పార్లమెంటులో నిలబడి తారీఖులు చదివింది సార్లే. ఆ తారీఖులను తామే మింగిందీ సార్లే.

ముందు ఈ రియాక్టర్లలో పోసే ద్రవలోహం సంగతేమిటో చూద్దాం. మామూలు రియాక్టర్‌ను నీళ్లు చల్లబరుస్తాయి. నీళ్లు న్యూట్రాన్ల దూకుడు తగ్గిస్తాయి. బ్రీడర్‌కు ఆ దూకుడే కావాలి. మండించినదానికన్నా ఎక్కువ ప్లుటోనియం యురేనియం నుంచి పుట్టించేది ఆ వేగమే. అందుకే నీళ్లు పనికిరావు, కరిగిన లోహం కావాలి. 1946లో లాస్ అలమోస్‌లో పాదరసంతో మొదలుపెట్టారు. తర్వాత సోడియం మీద మనసు పడ్డారు. 98 డిగ్రీలకు కరుగుతుంది, 883 దాకా మరగదు. వేడిని చకచకా మోస్తుంది. గొట్టాల్లో భారీ పీడనం అక్కర్లేదు. ఇంతవరకు పెళ్లిచూపుల్లో చెప్పే గుణాలు.

పెళ్లయ్యాక తెలిసేవి వేరు. గాలి తగిలితే అంటుకుంటుంది. నీళ్లు తగిలితే పేలుతుంది. ఆవిరి పుట్టించడానికేమో నీళ్లనే దాని పక్కన పెట్టాలి, నడుమ పలుచని ఉక్కు గోడ అడ్డం. పైగా సోడియం గుండా చూపు పారదు. లోపల ఏం జరుగుతుందో కంటికి కనపడదు. 1987లో కల్పాక్కం టెస్ట్ రియాక్టర్‌లో ఇంధనాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి మారుస్తుండగా ఒక ఇంధన కట్ట వంగింది. దాన్నీ, దాంతోపాటు చెడినవాటినీ సరిచేసి రియాక్టర్‌ను మళ్లీ నడిపించేసరికి రెండేళ్లు. 2002 అక్టోబరులో అక్కడే సోడియం శుద్ధి చేసే గదిలో 75 కిలోల లోహం కారింది. ఈ ముచ్చట్లన్నీ అంతర్జాతీయ సాంకేతిక పత్రాల్లో మన శాస్త్రవేత్తలే నిజాయితీగా రాశారు. ఇంగ్లీషులో. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థలో చదువుకునేవాళ్ల కోసం. పన్ను కట్టేవాడికి ఎన్నడన్నా తెలుగులో ఒక్క కరపత్రం వచ్చిందా?

సోడియం వద్దంటే సీసం ఉందంటారు. అంటుకోదు, పేలదు. 327 డిగ్రీల కిందికి దిగితే మాత్రం గడ్డకడుతుంది. పోనీ బిస్మత్ కలిపితే 125 దాకా ఓర్చుకుంటుంది, కానీ అందులో పొలోనియం పుడుతుంది. పైగా రెండూ ఉక్కును కొరుకుతాయి. సోవియట్ యూనియన్ ఆ మిశ్రమంతో జలాంతర్గాములే నడిపింది. 1972లో వాటిలో కే-64 రియాక్టర్‌లోని లోహం గడ్డకట్టింది. ఓడ అక్కడితో సరి. అమెరికా నౌకాదళం ‘సీవుల్ఫ్’లో సోడియం పోసి చూసింది, కొన్నేళ్లకే పీకేసి నీళ్ల రియాక్టర్ పెట్టుకుంది. నౌకాదళం వాళ్లు తెలివైనవాళ్లు. లోపల కూర్చునేది వాళ్లే కదా.

ఇక సహకారం. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఫాస్ట్ రియాక్టర్ల మీద పెద్ద జాతరే పెడుతుంది. 2009లో క్యోటో. 2013లో పారిస్. 2017లో యెకాటెరిన్‌బర్గ్. 2022లో వియన్నా. చిన్న ఊళ్లేమీ లేవు, గమనించండ్రి. మెడలో బ్యాడ్జీలు. గోడల నిండా పోస్టర్లు. ముగింపు విందు. అన్ని దేశాలవాళ్లూ ఒకే మాట: మన అనుభవాలు పంచుకుందాం.

ఏ అనుభవాలు పంచుకున్నారో చూడండి. ఫ్రాన్స్ ‘ఫెనిక్స్’ను 2009లో గ్రిడ్ నుంచి తప్పించింది. తప్పించాక ఆఖరి నెలల్లో రకరకాల పరీక్షలు చేసి ఆ లెక్కలు అందరికీ ఇచ్చింది. అమెరికా ‘ఈబీఆర్-2’ను 1994లో మూసింది. దాని మీద 1986లో చేసిన పరీక్షల లెక్కలు 2012లో బల్ల మీద పెట్టింది. అమెరికాదే మరో రియాక్టర్ 1992లో ఆగింది, దాని లెక్కలు 2018లో వచ్చాయి. జపాన్ వాళ్ల ‘మోంజు’ లెక్కలైతే 1995 డిసెంబరు నాటివి. సరిగ్గా అందులో సోడియం కారిన నెలవి! మన కల్పాక్కం వాళ్లు కూడా ఈ లెక్కల్లో కూర్చున్నారు, బాగా చేశారు. చైనా మాత్రం నడుస్తున్న రియాక్టర్ లెక్కలు పంచింది, దాని చిన్న ప్రయోగాత్మక రియాక్టర్‌వి. ఆ మర్యాద దానికి ఇవ్వాల్సిందే. మిగతావన్నీ ఏంటివి? ముసలాయన బతికినన్నాళ్లు పెట్టె తాళంచెవి మొలతాడుకే. పోయినాకనే పెట్టె తెరిచి వాటాలు వేస్తారు.

మోంజు కథ మాత్రం నిదానంగా చెప్పుకోవాలి. పేరు బోధిసత్వుడిది. మంజుశ్రీ, జ్ఞానానికి అధిదేవత. 1994 ఏప్రిల్‌లో రాజుకుంది. 1995 ఆగస్టులో గ్రిడ్‌కు కలిసింది. డిసెంబరు 8న ఉష్ణోగ్రత కొలిచే గొట్టం తొడుగు ఒకటి విరిగింది. ప్రవాహం తాకిడికి ఊగీ ఊగీ విరిగింది, అంతే. ఆ కన్నంలోంచి సుమారు 640 కిలోల సోడియం కారి అంటుకుంది. అది రెండో సర్క్యూట్ సోడియం, రేడియోధార్మికత లేదు, ఎవరికీ గాయం కాలేదు. అంటే నిజం చెప్పేసినా కొంప మునిగేది కాదు. అయినా వీడియోను కత్తిరించి చూపించారు. దేశం భగ్గుమంది. జనాన్ని మండించింది సోడియం కాదు, కత్తెర.

పద్నాలుగేళ్ల తర్వాత, 2010 మేలో, మళ్లీ నడిపించారు. ఆగస్టులో ఇంధనం మార్చే యంత్రం జారి రియాక్టర్‌లోనే పడింది. తర్వాత చూస్తే దాదాపు పదివేల పరికరాలకు చేయాల్సిన తనిఖీలే చేయలేదని తేలింది. 2016 డిసెంబరులో సర్కారు దుకాణం మూసేసింది. ఖర్చు లక్ష కోట్ల యెన్‌లు దాటింది. మొత్తం మీద అది నడిచింది 250 రోజులు.

అయినా జపాన్ వాళ్లు నిరాశ పడలేదు. ఎందుకు పడతారు? ఫ్రాన్స్ ఉంది కదా. ‘ఆస్ట్రిడ్’ అనే కొత్త సోడియం రియాక్టర్ కోసం 2014లో ఇద్దరూ చేతులు కలిపారు. 2019లో ఫ్రాన్స్ ఆస్ట్రిడ్‌ను అటకెక్కించింది. వాళ్లకు ఇది అలవాటే. 1,200 మెగావాట్ల ‘సూపర్‌ఫెనిక్స్’ను పన్నెండేళ్లు తంటాలుపడి 1997లో వద్దనుకున్నది వాళ్లే కదా. అయిదువేల టన్నులకు పైబడిన దాని సోడియాన్ని వదిలించుకోవడమే పెద్ద ప్రాజెక్టయింది. ఆ తర్వాత జపాన్ అమెరికా వైపు తిరిగింది. బిల్ గేట్స్ కంపెనీ టెర్రాపవర్ వయోమింగ్ రాష్ట్రంలో ‘నేట్రియం’ కడుతోంది. 345 మెగావాట్లు, సోడియమే. ఈ కంపెనీ మొదట్లో దోస్తానా చేసింది ఎవరితో? చైనాతో. 2015లో. వాషింగ్టన్ కన్నెర్ర చేసేసరికి అది బంద్. మరి ఇంధనం ఎక్కడిది? దానికి కావాల్సిన రకం యురేనియాన్ని అప్పట్లో వ్యాపారానికి అమ్మింది రష్యా ఒక్కటే. ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది. 2022 డిసెంబరులో కంపెనీయే చెప్పింది, కనీసం రెండేళ్లు వెనక్కి అని. అంతర్జాతీయ సహకారం అంటే ఇదే కాబోలు. ఒకడు డబ్బిస్తాడు, ఒకడు ఇంధనమిస్తాడు, ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఆంక్షలు పెట్టుకుంటారు.

నడుస్తున్నవి లేవా? ఉన్నాయి. రష్యాలో బీఎన్-600 1980 నుంచి నడుస్తోంది. అదీ 1997 లోపు 27 సార్లు కారింది. వాటిలో 14 సార్లు మంటలు. వాళ్లు ఆర్పారు, తుడిచారు, నడిపించారు. దాని తమ్ముడు బీఎన్-800 కూడా గ్రిడ్‌కెక్కింది. కాబట్టి సోడియం అసాధ్యమని ఎవరూ అనొద్దు. సాధ్యమే. ఎన్ని మంటలకు సిద్ధపడాలో ముందే చెప్పండి అన్నదొక్కటే మన మొర.

నాలుగో తరం రియాక్టర్ల కోసం ఒక అంతర్జాతీయ వేదిక ఉంది. 2000లో మొదలైంది. ఆరు నమూనాలు ఎంచుకుంది. సోడియం రియాక్టర్ 2015 నాటికి సిద్ధమవుతుందని 2002లో రాసుకుంది. 2015 వచ్చింది. పోయింది. వేదిక ఉంది. ఇంతకూ ఆ వేదికలో భారత్ లేదు. ప్రపంచంలో సోడియం బ్రీడర్ కోసం ఇంతగా తపస్సు చేసిన దేశం ఆ బల్ల దగ్గర లేనే లేదు. మనది ‘వ్యూహాత్మకం’ మరి. 2006లో అమెరికాతో అణు ఒప్పందం కోసం రియాక్టర్లను పౌర, సైనిక విభాగాలుగా విడదీసినప్పుడు, కల్పాక్కం బ్రీడర్లు రెండింటినీ, అంటే టెస్ట్ రియాక్టర్‌నూ అప్పుడు కడుతున్న పెద్దదాన్నీ, అంతర్జాతీయ తనిఖీల బయటే ఉంచారు. మంచిది. దేశ రక్షణ అవసరమంటే ఎవరు కాదంటారు? మరి అవి కరెంటు కోసం అని మాకెందుకు చెప్పారు? కరెంటు కోసమైతే తాళమెందుకు? తాళం వేయాల్సిందే అయితే ‘రైతుకు చవక కరెంటు’ అన్న పాట ఎందుకు?

1974 సంగతి మరవొద్దు. పోఖ్రాన్ పేలింది. అప్పటిదాకా భుజం మీద చేయి వేసిన ఫ్రాన్స్ చేయి తీసేసింది. శుద్ధి చేసిన యురేనియం ఇయ్యనంది. అప్పుడు మనవాళ్లు ప్లుటోనియం, యురేనియం కార్బైడ్ మిశ్రమంతో ప్రపంచంలో ఎవరూ వాడని ఇంధనం తయారు చేసి రియాక్టర్ రాజేశారు. అది గొప్ప పనే. టోపీ తీసి దండం పెట్టాల్సిన పని. తమాషా ఏమిటంటే, సహకారం తెగినాకే అసలు పని జరిగింది. ఇది ఏ సదస్సు తీర్మానంలోనూ కనపడదు.

ఇప్పుడు అసలు వేడుకకు వద్దాం. 500 మెగావాట్ల ప్రోటోటైప్ ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్. 1,750 టన్నుల సోడియం. పని మొదలు 2004 అక్టోబరు. ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా. రెండు నెలలకు సునామీ వచ్చి పునాది గుంత నింపింది. అది ఎవరి తప్పూ కాదు. 2010 సెప్టెంబరుకు పూర్తి అన్నారు. అంచనా 3,492 కోట్లు. తర్వాత అంచనా 5,677 కోట్లయింది. అక్కడా ఆగలేదు. గడువు 2011 అయింది, 2012 అయింది, 2015 అయింది, ఏళ్లు ఏళ్లు దొర్లాయి. ఆఖరికి ఇంధనం పేర్చే పనికి 2024 మార్చి 4న ప్రధాని మోదీ సమక్షంలో ముహూర్తం పడింది. 2010లో రావాల్సిన కరెంటుకు 2024లో పొయ్యిలో కట్టెలు పేర్చే పండుగ! ఆ తర్వాత ఎంత వెలిగినా, ఎన్ని చప్పట్లు మోగినా, 2010 మాత్రం 2010యే.

సిరిసిల్ల ఆసామి కరెంటు బిల్లు గడువు దాటితే లైన్‌మన్ ఫ్యూజు పీకి జేబులో వేసుకుని పోతాడు. సాంచా ఆగుతుంది, పోగు తెగుతుంది, ఆ రోజు కూలి గల్లంతు. పద్నాలుగేళ్లు గడువు దాటినోళ్ల ఫ్యూజు ఎవరు పీకారు? పీకలేదు సరే, ఎందుకు ఆలస్యమైందో చెప్పమని ఎవర్నన్నా నిలబెట్టారా? సభ్యులు ఓటేసి డైరెక్టర్లను ఎన్నుకునే సహకార సంఘంలో స్తంభం లెక్కా, ట్రాన్స్‌ఫార్మర్ లెక్కా మహాసభలో లేచి అడగొచ్చు. మైకు గుంజుకుని మరీ అడుగుతారు మనోళ్లు. ఆ పెద్ద బ్రీడర్‌ను కట్టిన కల్పాక్కం సర్కారీ కంపెనీ ‘భావిని’కి అటువంటి మహాసభ ఉంటే బాగుండు. నర్మాల నుంచి ఒక రైతును, సిరిసిల్ల నుంచి ఒక సాంచా కార్మికుణ్ణి పిలిచి ముందు వరసలో కూర్చోబెడితే బాగుండు. ‘సారూ, అణు రహస్యాలు వద్దు, బీజకం చూపించు’ అంటే ఏం చేస్తారో చూసేవాళ్లం.

ఇందులో మనవాళ్ల చెమట లేదనుకోకండి. ఆ రియాక్టర్ ఇంధన గొట్టాలు హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారయ్యాయి. ఆ ప్రత్యేక ఉక్కు కంచన్‌బాగ్ మిధానిది. వెంట్రుకవాసి తేడా రాకుండా గొట్టం లాగిన కార్మికుడికి లేని గడువు సడలింపు పైనున్న సార్లకెట్ల దొరికింది?

భద్రత సంగతి అడగొద్దంటారు. అడుగుదాం. 2012లో కాగ్ అణుశక్తి నియంత్రణ బోర్డును తిరగేసి చూసింది. అప్పట్లో నిబంధన ఉల్లంఘిస్తే వేయగల గరిష్ఠ జరిమానా ఎంతో తెలుసా? 500 రూపాయలు. హెల్మెట్ లేకుండా ఎల్లారెడ్డిపేట బస్టాండు దాటితే ఫొటో కొట్టి చలాన్ పంపే రాజ్యం ఇది. ఆ బోర్డుకు స్వతంత్రంగా నిలబడే చట్టం తెస్తామని 2011లో బిల్లు పెట్టారు. 2014లో సభతో పాటే అదీ చచ్చింది. 2025 డిసెంబరులో కొత్త చట్టం వచ్చాకే బోర్డుకు చట్టబద్ధ హోదా దొరికింది. ఆ చట్టం ముద్దుపేరు ‘శాంతి’. ఎవరి శాంతి? అణు విద్యుత్తును ప్రైవేటుకు తెరిచింది అదే. లోపమున్న సరుకిచ్చిన సరఫరాదారు మీదికి పోయేందుకు 2010 చట్టం ఇచ్చిన దారిని మూసిందీ అదే. సరుకు అమ్మేవాడికి శాంతి, నడిపేవాడికి ఓ పరిమితి దాకా శాంతి. పక్క ఊరివాడికి ఓం శాంతి.

విదేశీ చేయూత ఏ మోతాదులో దొరుకుతుందో శ్రీకాకుళం జిల్లా కొవ్వాడను అడగండి. మొదట జీఈ-హిటాచీ వస్తోందన్నారు. తర్వాత వెస్టింగ్‌హౌస్ అన్నారు. ఆరు రియాక్టర్లన్నారు. 2017 మార్చిలో వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది. జాలరి ఊళ్ల భూములకు మాత్రం ముందే కొలతలేశారు.

అంకెల కొరత మాత్రం ఎన్నడూ లేదు. 1984లో అన్నారు, 2000 నాటికి 10,000 మెగావాట్లని. 2000 ముగిసేసరికి ఉన్నవి 2,720. 2009లో ప్రధాని స్థాయిలో అన్నారు, 2050కి 4,70,000 అని. 2025 బడ్జెట్‌లో 2047కు లక్ష మెగావాట్లు అన్నారు, చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20,000 కోట్లు చూపారు. ఇప్పుడు దేశం మొత్తం మీద ఉన్నది తొమ్మిదివేలకు లోపే. మన కరెంటులో అణువు వాటా నూటికి మూడు. లక్ష్యం తప్పినప్పుడల్లా ఇంకా పెద్ద లక్ష్యం పెట్టుకోవడం ఎవరు నేర్పారో గాని, గురువుకు గురుదక్షిణ గట్టిగానే ముట్టింది.

‘అభివృద్ధికి అడ్డం పడుతున్నారు’ అంటారు మనల్ని. ఎవడు పడ్డాడు అడ్డం? యాభై ఏళ్లుగా అడిగినంత ఇచ్చాం, చెప్పిందల్లా నమ్మాం, అడగాల్సింది అడగలేదు. అడ్డం పడ్డది గొట్టం, కారింది సోడియం, దాటింది గడువు, పెరిగింది ఖర్చు. మనం పొలం గట్టు మీద నిలబడి స్విచ్ వేసి చూసినం. అంతే.

కల్పాక్కంలోనే మరో రెండు బ్రీడర్లు కడతామంటున్నారు. మళ్లీ సదస్సులుంటాయి, మళ్లీ ఏదో దేశం భుజం మీద చేయి వేస్తుంది. ఈసారి ఎవరన్నా పెద్దమనిషి మైకు ముందుకొచ్చి తారీఖు చదివితే చప్పట్లు కొట్టే ముందు ఒక్క పని చేయండ్రి. ఆ తారీఖును తెల్లకాగితం మీద రాయించి కింద ఆయన సంతకం తీసుకోండ్రి. పేరు, హోదా, సొంత ఇంటి కరెంటు సర్వీసు నంబరుతో సహా.